మూడు నిమిషాల దృశ్యంతో ఒక పీరియడ్: తరగతి గదిలో సైన్స్ ఫిక్షన్, టీవీ కార్యక్రమాలను వాడుకోవడానికి సమగ్ర మార్గదర్శి

విజయవాడ, గుంటూరు పాఠశాలల్లో పిల్లలకు సినిమా వేయడం కొత్త విషయమేమీ కాదు. పరీక్షలు అయిపోయి సెలవులు ఇంకా మొదలుకాని రోజుల్లోనో, ఉపాధ్యాయులు రాని పీరియడ్‌లోనో, అల్లరి చేయకుండా కూర్చోబెట్టడానికి ఏదో ఒక సినిమా వేస్తారు. ఆ అలవాటు గురించి ఇక్కడ చర్చించడం లేదు. పాఠం నడుమ, ఆ పాఠం కోసమే, మూడు నాలుగు నిమిషాల దృశ్యం ఒకటి చూపించి, దాని మీద పిల్లల చేత లెక్క కట్టించడం, ఆధారం వెతికించడం, వాదన చేయించడం ఎలాగో ఈ వ్యాసం వివరిస్తుంది. సైన్స్ ఫిక్షన్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. ఆ కథల్లోని దాదాపు ప్రతి దృశ్యమూ ప్రకృతి గురించో, యంత్రం గురించో, గడిచిన కాలం గురించో ఏదో ఒక మాట చెబుతుంది. ఆ మాట ఎంతవరకు నిజమో పాఠ్యపుస్తకం సాయంతో తేల్చవచ్చు. తప్పయితే మరీ మంచిది. సినిమాలో తప్పు పట్టుకోవడానికి పిల్లలు చూపే ఉత్సాహం పాఠం చివరి అభ్యాసాల మీద సాధారణంగా కనిపించదు.

టెలివిజన్‌కూ చదువుకూ మన రాష్ట్రంలో ఉన్న సంబంధం పాతదే. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. బడిపిల్లల కోసం ఉదయం వేళ ప్రత్యేక కార్యక్రమాలు ఉండేవి. భూమధ్యరేఖకు పైన ఒకేచోట నిలిచినట్టు కనిపించే ఉపగ్రహాలతో ప్రపంచమంతటికీ ప్రసారాలు పంపవచ్చని 1945లోనే ఒక పత్రికలో లెక్కలతో సహా రాసిన ఆర్థర్ సి. క్లార్క్ తర్వాతి కాలంలో సైన్స్ ఫిక్షన్ రచయితగా ప్రసిద్ధి పొందాడు. 1975లో ఆ ప్రసారాలను అందుకునే డిష్‌ను ఇస్రో ఇంజనీర్లు కొలంబోలోని ఆయన ఇంటి దగ్గరే అమర్చారు. కల్పన రాసేవాడికి లెక్కలతో పనేమిటని అడిగే విద్యార్థికి ఈ ఒక్క ఉదంతం చాలు.

మొదటి దశ: ముందు పాఠం, ఆ తర్వాతే దృశ్యం

మనకు నచ్చిన సినిమా ఒకటి మనసులో పెట్టుకుని, దానికి తగిన పాఠం కోసం వెతకడం మొదలుపెడితే పని చెడుతుంది. రాబోయే నెలలో చెప్పవలసిన పాఠాల జాబితా తీసుకుని, పిల్లలు ఏటా ఎక్కడ తడబడుతున్నారో ఆ చోట్లను మాత్రమే గుర్తు పెట్టుకోవాలి. కక్ష్యలో తిరిగే వస్తువు కింద ఎందుకు పడదు, వైశాల్యమూ ఘనపరిమాణమూ ఒకే తీరులో ఎందుకు పెరగవు, శాసనానికీ కథకూ ఆధారంగా ఉన్న తేడా ఏమిటి, ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంగా ఎలా మార్చాలి వంటివి అలాంటి చోట్లు. తేలికగా అర్థమయ్యే పాఠానికి దృశ్యం అక్కర్లేదు. నెలకు ఒకటి, మహా అయితే రెండు పీరియడ్లు ఇలా నడిపితే సరిపోతుంది. అంతకు మించితే పిల్లలు మీ రాకను కాకుండా తెర వెలగడాన్ని ఎదురుచూడడం మొదలుపెడతారు.

పాఠం తేలాక, ఆ పీరియడ్ చివర పిల్లవాడు ఏ ప్రశ్నకు జవాబు రాయగలగాలో ఒకే వాక్యంలో రాసి పెట్టుకోవాలి. దృశ్యం ఆ ప్రశ్నను పుట్టించాలి. పుట్టించకపోతే, అది ఎంత గొప్ప సినిమాలోదైనా పక్కన పెట్టేయవలసిందే.

రెండో దశ: పిల్లలు ఏం చూస్తున్నారో తెలుసుకోవడం

ఉపాధ్యాయులు తమ చిన్ననాటి సినిమాలను పిల్లలకూ తెలిసినవిగానే అనుకుంటారు. పేర్లు రాయనక్కర్లేని చీటీలు పంచి, గత నెలలో చూసిన మూడు కార్యక్రమాలు, అందులో నమ్మశక్యం కాని ఒక సంఘటన రాయమంటే పది నిమిషాల్లో అసలు సంగతి బయటపడుతుంది. ఆరేడు తరగతుల వారి చీటీల్లో తెలుగులో వచ్చే కార్టూన్లు, అమ్మమ్మతో కలిసి చూసే సీరియళ్ళు కనిపిస్తాయి. పెద్ద తరగతుల్లో వెబ్ సిరీస్‌లు, యూట్యూబ్ ముక్కలు, కొత్త సినిమాలు కనిపిస్తాయి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబులే మీకు అసలైన సరుకు.

విజయవాడ, గుంటూరు నగరాల్లో ఇంకో సంగతి కూడా గమనించాలి. ఇక్కడ ఇంటర్మీడియట్ విద్యార్థులలో చాలామంది రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉంటారు. నెలల తరబడి టీవీ ముఖం చూడరు. గురుకులాల పిల్లల పరిస్థితీ అంతే. కనుక అందరూ చూసే ఉంటారన్న నమ్మకంతో దృశ్యం మొదలుపెట్టకూడదు. కథ ఎక్కడి వరకు వచ్చిందో నాలుగు వాక్యాల్లో చెప్పి మొదలుపెడితే, చూడనివారు వెనకబడిపోయామని చిన్నబుచ్చుకోరు.

మూడో దశ: దృశ్యాన్ని ఎంచుకోవడం

మంచి దృశ్యం నాలుగు నిమిషాలు దాటదు, దానంతట అదే అర్థమవుతుంది, కొలవగలిగిన లేదా సరిచూడగలిగిన ఒక సంగతిని చూపుతుంది. మూడోది లేకపోతే మిగిలిన రెండూ ఉన్నా ఉపయోగం లేదు. రోబో మనసు పడే బాధ చూపే దృశ్యం ఎంత బాగున్నా భౌతికశాస్త్ర పీరియడ్‌లో దానితో చేయగలిగింది తక్కువ. దాన్ని తెలుగు పీరియడ్‌కో, నైతిక విలువల చర్చకో వదిలేయాలి.

దృశ్యాన్ని ముందుగా ఒంటరిగా, చివరి వరకు, శబ్దంతో సహా చూడాలి. నవ్వు కోసం ఒకరి రంగునో, లావునో, నత్తినో, కులాన్నో ఎగతాళి చేసే మాట దొర్లితే అది తరగతి గదిలో మర్నాటికి ఎవరో ఒకరికి మారుపేరు అవుతుంది. తెలుగు కామెడీ షోల ముక్కల్లో ఈ ప్రమాదం ఎక్కువ కనుక వాటిని నేను దాదాపుగా వాడను. సినిమా ధ్రువపత్రం కూడా చూసుకోవాలి; 2023 నాటి చట్ట సవరణ తర్వాత యూఏ (పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడదగిన) వర్గాన్ని 7, 13, 16 ఏళ్ళ వయసులను బట్టి మూడుగా విడదీశారు, కొత్త సినిమాల మీద ఆ గుర్తు ఉంటుంది.

మన ప్రాంతానికి మాత్రమే వర్తించే జాగ్రత్త ఒకటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఇళ్ళ పైకప్పుల మీద గడిపిన పిల్లలు మీ తరగతిలో ఉండవచ్చు. నగరాలు మునిగిపోయే దృశ్యాలు సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో కొల్లలు. వాతావరణ మార్పుల పాఠానికి అవి సరిగ్గా సరిపోతాయి కూడా. అయినా విజయవాడలో అలాంటి దృశ్యం వేయాలంటే ముందు రోజే పిల్లలకు చెప్పాలి, చూడలేమన్న వారికి గ్రంథాలయంలో వేరే పని ఇవ్వాలి. నా మటుకు నేను వరదకు బదులు నీటి కరువు చూపే దృశ్యాన్ని ఎంచుకుంటాను. కృష్ణా డెల్టా పిల్లలకు ఆ ప్రశ్న అంతే దగ్గరిది: ఎగువ నుంచి నీళ్ళు రాని ఏడాది పట్టిసీమ దగ్గర గోదావరి నీటిని ఎత్తిపోసి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతున్నారని వారికి చెబితే, తెర మీది ఎడారి ఒక్కసారిగా సొంత ఊరి సంగతి అవుతుంది.

నాలుగో దశ: చట్టం, తెర, కరెంటు

కాపీరైట్ గురించి ఉపాధ్యాయులకు ఉన్న భయం కొంత అనవసరమైనది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, విద్యాసంస్థ కార్యకలాపాల్లో భాగంగా సిబ్బంది, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంస్థ కార్యకలాపాలతో సంబంధం ఉన్నవారు మాత్రమే ప్రేక్షకులుగా సినిమాను ప్రదర్శించడాన్ని ఉల్లంఘనగా చూడదు. అయితే ఆ మినహాయింపు బడి వరకే. అదే ముక్కను తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, పాఠశాల యూట్యూబ్ ఛానెల్‌లో ఎక్కించడం వేరే సంగతి. దొంగ ప్రింట్లు ఎలాగూ వద్దు. పిల్లలకు మనం తెలియకుండానే నేర్పే పాఠాల్లో అదొకటి అవుతుంది.

ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పనుల్లో భాగంగా అనేక ప్రభుత్వ ఉన్నత పాఠశాలల తరగతి గదుల్లోకి డిజిటల్ ప్యానెళ్ళు వచ్చాయి కనుక ప్రొజెక్టర్ కోసం ఎదురుచూడవలసిన పని చాలాచోట్ల లేదు. ఇంటర్నెట్‌ను నమ్ముకోకుండా దృశ్యాన్ని ముందే సిద్ధం చేసుకుని, ఆపవలసిన చోట్లను నిమిషాలు, సెకన్లతో కాగితం మీద రాసుకోవాలి. చివరి బెంచీలో కూర్చుని ఒకసారి వినాలి, ఎందుకంటే ఫ్యాన్ల చప్పుడులో సంభాషణలు వినపడకపోవడమే అన్నిటికంటే తరచుగా ఎదురయ్యే ఇబ్బంది. తెలుగు ఉపశీర్షికలు దొరికితే తప్పక పెట్టాలి.

కరెంటు పోతే? తెర లేకుండా కూడా ఈ పాఠం నడవాలి. దృశ్యాన్ని మీరే కథగా చెప్పండి, ఇద్దరు పిల్లల చేత ఆడించండి. కార్టూన్లలోని సన్నివేశాలనైతే పిల్లలే మనకన్నా బాగా నటించి చూపిస్తారు. తెర కేవలం సౌకర్యం. ప్రశ్న ఉంటే పాఠం ఉన్నట్టే.

ఐదో దశ: నలభై అయిదు నిమిషాలు గడపవలసిన తీరు

ఈ పద్ధతి మొత్తంలో కీలకమైన నిమిషాలు దృశ్యం మొదలుకాకముందే ఉన్నాయి. తెర వెలిగించకుండా ప్రశ్న నల్లబల్ల మీద రాసి, ప్రతి ఒక్కరూ తమ అంచనాను రఫ్ నోటుబుక్కులో కారణంతో సహా రాయాలని చెప్పాలి. చేతులెత్తించడం చాలదు; చేతులెత్తిస్తే మొదటి వరుసలోని ఇద్దరి అభిప్రాయమే తరగతి అభిప్రాయం అయిపోతుంది. రాసిన అంచనా మీద పిల్లవాడికి పట్టు ఉంటుంది. అది తప్పని తేలినప్పుడు కలిగే ఆశ్చర్యమే నేర్చుకోవడానికి దారి తీస్తుంది.

తర్వాత దృశ్యాన్ని ఒకసారి ఆపకుండా చూపాలి. మధ్యలో వ్యాఖ్యానం చేయకూడదు, నవ్వులను అదుపు చేయడానికీ ప్రయత్నించకూడదు. అది వారు ప్రేక్షకులుగా చూసే వంతు. వెంటనే రెండు నిమిషాల మౌనం, రాయడం: ఏం చూశారు, ఏది నమ్మలేకపోయారు. రెండోసారి చూపేటప్పుడు ముందే రాసుకున్న చోట్ల ఆపుతూ, ఇక్కడ బలం ఏ దిక్కున పని చేస్తోంది, ఈ వస్తువు ఆ కాలానికి ఉందా, ఈ పాత్ర ఈ మాటను ఎవరికి వినపడాలని అంటోంది అని ఒక్కొక్క ప్రశ్న వేయాలి. అక్కడి నుంచి పీరియడ్‌లో కనీసం సగం భాగం తెర ఆర్పేసి, పుస్తకంతో, లెక్కతో గడవాలి. ప్యానెల్ వెలుగుతూ ఉంటే, దాని మీద ఆగిపోయిన బొమ్మ ఉన్నా సరే, కళ్ళు అటే పోతాయి.

చివరి ఐదు నిమిషాల్లో పిల్లలు మొదట రాసిన అంచనా కింద గీత గీసి, ఇప్పుడు ఏమనుకుంటున్నారో రాయాలి. పాత అంచనాను కొట్టేయనివ్వకండి. రెండూ పక్కపక్కన ఉన్న ఆ పేజీయే మీ మూల్యాంకన పత్రం.

ఆరో దశ: తరగతులను బట్టి కొన్ని పాఠాలు

తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ వరకు గురుత్వాకర్షణ పాఠానికి 2018లో సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో వచ్చిన తెలుగు అంతరిక్ష చిత్రం 'అంతరిక్షం 9000 కేఎంపీహెచ్' పేరు ఒక్కటే చాలు. దృశ్యం చూపకముందే అందులోని సంఖ్యను బల్ల మీద రాయండి. గంటకు 9,000 కిలోమీటర్ల వేగంతో వృత్తాకార కక్ష్యలో తిరిగే ఉపగ్రహం భూమికి ఎంత ఎత్తున ఉండాలి? అంతకంటే ముందు ఇంకో ప్రశ్న: పైకి వెళ్ళేకొద్దీ ఉపగ్రహం వేగం పెరగాలా, తగ్గాలా? పెరగాలనే జవాబు ఎక్కువమంది పిల్లల నోటుబుక్కుల్లో కనిపిస్తుందని ముందే సిద్ధపడండి. ఎత్తుకు పోవడానికి పెద్ద రాకెట్టు కావాలి కనుక అక్కడ వేగమూ ఎక్కువే ఉంటుందని వారి ఊహ.

ఇప్పుడు లెక్క. గంటకు 9,000 కిలోమీటర్లు అంటే సెకనుకు 2.5 కిలోమీటర్లు. కక్ష్యా వేగం వర్గాన్ని, భూ ఉపరితలం మీది గురుత్వ త్వరణాన్ని భూవ్యాసార్ధపు వర్గంతో గుణించి కక్ష్యా వ్యాసార్ధంతో భాగించి రాబట్టవచ్చు. త్వరణం 9.8, భూవ్యాసార్ధం 6,400 కిలోమీటర్లు తీసుకుంటే కక్ష్యా వ్యాసార్ధం సుమారు 64,000 కిలోమీటర్లు వస్తుంది. అందులోంచి భూవ్యాసార్ధం తీసేస్తే ఎత్తు దాదాపు 58,000 కిలోమీటర్లు. టీవీ ప్రసారాలకు వాడే భూస్థిర ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున గంటకు దాదాపు 11,000 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాయి. వ్యోమగాములు నివసించే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తున గంటకు సుమారు 27,600 కిలోమీటర్ల వేగంతో పోతుంది. సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలోని చంద్రుడి వేగం గంటకు 3,700 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఈ నాలుగు సంఖ్యలను ఒకదాని కింద ఒకటి రాస్తే దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గుతోందన్న సంగతి సూత్రం అవసరం లేకుండానే కళ్ళకు కడుతుంది.

పాఠం ఇక్కడ ఆపకండి. సినిమా తరఫున వాదించమని సగం తరగతికి చెప్పండి: 9,000 అన్న సంఖ్య నిజమయ్యే సందర్భాలు ఏవి? రాకెట్టు పైకి పోతూ వేగం పుంజుకునేటప్పుడు ఏదో ఒక క్షణాన ఆ వేగాన్ని దాటి తీరాలి. బాగా సాగిన దీర్ఘవృత్తాకార కక్ష్యలో, భూమికి దూరంగా ఉన్న చోట ఉపగ్రహం ఆ వేగానికి తగ్గవచ్చు. ఈ రెండూ తమంతట తాము చెప్పగలిగిన పిల్లలు గురుత్వాకర్షణ పాఠంలో ఇక తడబడరు. వీలుంటే ఇదే పాఠానికి కొనసాగింపుగా శ్రీహరికోట ప్రయాణం పెట్టుకోవచ్చు; విజయవాడ-చెన్నై మార్గంలోని సూళ్ళూరుపేట స్టేషన్‌లో దిగాలి, ప్రయోగాలను ప్రజలు చూసే గ్యాలరీకి ముందుగా ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి డోరేమాన్ కార్టూన్ ఉండనే ఉంది. అందులోని నొబితా అనే పిల్లవాడు తల మీద పెట్టుకుని ఎగిరే చిన్న ఫ్యాను తిరుగుతుంటే అతని ఒళ్ళు ఎందుకు గిరగిరా తిరగడం లేదు? న్యూటన్ మూడో నియమం మొత్తం ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. హెలికాప్టర్ తోక మీద ఇంకో చిన్న రెక్క ఎందుకుంటుందో పిల్లలే చెప్పేస్తారు. ఇంటర్ విద్యార్థులైతే శక్తి లెక్క కూడా వేయవచ్చు: 30 కిలోల పిల్లవాడిని 20 సెంటీమీటర్ల వ్యాసం గల రెక్కలతో గాలిలో నిలపాలంటే ఎలాంటి నష్టాలూ లేని ఆదర్శ స్థితిలోనే 18 కిలోవాట్ల దాకా కావాలి. అంటే 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్లు దాదాపు 240 ఒకేసారి తిప్పేంత. అసలు హెలికాప్టర్‌కు అంత పొడవాటి రెక్కలు ఎందుకో దీంతో తేలిపోతుంది.

అదే కార్టూన్‌లో వస్తువులను పెద్దవిగా చేసే టార్చిలైటు వైశాల్యం, ఘనపరిమాణాల పాఠానికి పనికొస్తుంది. లూడో పాచికలు ఎనిమిదింటితో రెట్టింపు కొలత గల ఘనాన్ని, ఇరవై ఏడింటితో మూడు రెట్లదాన్ని పేర్పించండి. పొడవు పది రెట్లయితే ఎముక అడ్డుకోత వైశాల్యం వంద రెట్లు, శరీరం బరువు వెయ్యి రెట్లు అవుతాయని వారు లెక్క తేల్చాక, 45 కిలోల విద్యార్థి పది రెట్లు పొడుగైతే 45 టన్నులు తూగుతాడనీ ఎముక మీద పడే ఒత్తిడి పది రెట్లవుతుందనీ చెప్పడానికి మీ అవసరం ఉండదు. గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో ఈ సంగతినే పెద్ద జంతువు ఎముక బొమ్మ వేసి చూపాడు.

చరిత్ర పాఠానికి సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన 'ఆదిత్య 369' ఉంది. కాలయంత్రంలో బయలుదేరినవారు 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కాలంలో దిగుతారు. ఆ దిగే దృశ్యం చూపించి, దాన్ని మన ప్రాంతానికి మళ్ళించండి: అదే యంత్రం 1515లో, రాయల సేనలు కొండవీడు కోటను పట్టుకున్న ఏడాది, ఆ కోట వంటశాలలో దిగితే ఏమేం కనిపిస్తాయి? పిల్లలు తప్పకుండా కారం, టమాటా పప్పు, బంగాళాదుంప వేపుడు రాస్తారు. వాటిని బల్ల మీద రాసి, ఒక్కొక్కటి ఎక్కడి పంటో పుస్తకంలో చూడమనండి. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, బొప్పాయి, జామ, పొగాకు అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మిరపా అంతే.

మిర్చియార్డు ఉన్న ఊళ్ళో, గుంటూరు సన్నం అన్న పేరు వింటూ పెరిగిన పిల్లలకు ఇది మామూలు సంగతి కాదు. తరగతిలో కొంతసేపు గోల జరుగుతుంది, జరగనివ్వండి. తర్వాత మూడు నిలువు గడులు గీయించండి: కచ్చితంగా ఉండి ఉంటుంది, ఉండి ఉండవచ్చు, ఉండే అవకాశం దాదాపు లేదు. వాస్కోడగామా కోళికోడు తీరానికి చేరింది 1498లో, పోర్చుగీసువారు గోవాను పట్టుకున్నది 1510లో. మిరప వారి ఓడల్లో వచ్చి, 1515 నాటికే కొండవీడు దాకా చేరిందా? ఏ గడిలో వేస్తారో, ఎందుకో పిల్లలు వాదించుకోవాలి. మిరియాలు మొదటి గడిలోకి ఏ సందేహమూ లేకుండా వెళ్తాయి, పత్తీ అంతే. కొండవీడు విజయం గురించి మంగళగిరిలో శాసనం ఉంది, రాయల కాలంలో విజయనగరానికి వచ్చిన పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడి రాతలు ఉన్నాయి, సినిమా ఉంది. ఈ మూడింటిలో ఏది దేనికి ఆధారమో, దేనికి కాదో చెప్పగలగడమే ఆ పీరియడ్ లక్ష్యం. ఒక ఆదివారం మంగళగిరి వెళ్ళి శాసనాన్ని కళ్ళారా చూసి రావడం కూడా ఇక్కడివారికి కష్టమేమీ కాదు.

పురాణ చిత్రాల దగ్గర జాగ్రత్త అవసరం. కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన 'మాయాబజార్'లో శశిరేఖ తెరిచి అభిమన్యుణ్ణి చూసే ప్రియదర్శిని పెట్టెను నేటి పిల్లలు చూడగానే వీడియో కాల్ అంటారు. ఆ పోలికను వాడుకోవచ్చు: వీడియో కాల్‌కు అవతలి వైపు కెమెరా కావాలి, నెట్‌వర్క్ కావాలి, అవతలివారు ఫోన్ ఎత్తాలి. పెట్టెలో ఇవేవీ లేవు. మాయకూ యంత్రానికీ తేడా ఏమిటో తెలిపే మంచి తెలుగు పాఠం ఇది. అయితే అక్కడి నుంచి మన పూర్వులకు వీడియో కాల్ తెలుసన్న మాట ఏ పిల్లవాడి నోటనైనా వస్తే, కించపరచకుండా ఆధారం ఏదని అడగాలి. ప్రాచీన విమాన విద్య పేరుతో ప్రచారంలో ఉన్న ఒక గ్రంథాన్ని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన శాస్త్రవేత్తలు 1974లో పరిశీలించి, అది ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళదనీ అందులోని నమూనాలు ఎగరలేవనీ తేల్చారు. కవుల ఊహను కవుల ఊహగానే గౌరవించడం తెలుగు మాస్టారికి చేతనైన పని.

సీరియళ్ళు, క్విజ్ కార్యక్రమాలకు ఇంత విస్తరణ అక్కర్లేదు. సీరియల్‌లో ఎపిసోడ్ ఆగిన చోట ఆపి తరువాయి భాగం రాయించడం, సంభాషణలను పరోక్ష కథనంలోకి మార్పించడం తెలుగు పీరియడ్‌కు చాలు. నాలుగు జవాబుల క్విజ్‌లో ఏమీ తెలియకుండా వరసగా మూడు ప్రశ్నలకు సరైన జవాబు పట్టే సంభావ్యత 64లో ఒకటి అని తేలాక, ఒక లైఫ్‌లైన్ రెండు తప్పుల్ని తీసేస్తే అది 32లో ఒకటి అవుతుందని పిల్లలే చెబుతారు. జెమినీ టీవీలో 2001 నుంచి 2007 వరకు వచ్చిన 'అమృతం'లోని హోటల్‌కు ఒక నెల జమాఖర్చులు ఊహించి రాయమంటే కామర్స్ విద్యార్థులు సంతోషంగా రాస్తారు.

ఏడో దశ: హెచ్‌ఎం, తల్లిదండ్రులు

బడిలో సినిమాలు వేస్తున్నారట అన్న మాట పిల్లల ద్వారా ఇళ్ళకు చేరుతుంది. పదో తరగతి తల్లిదండ్రులకు అది రుచించదు. ఈ మాట రాకముందే హెచ్‌ఎం గారికి ఒక పేజీ పథకం ఇచ్చి ఉంచాలి: ఏ పాఠం, ఏ ప్రశ్న, ఎన్ని నిమిషాల దృశ్యం, తర్వాత రాతపని ఏమిటి. తల్లిదండ్రుల సమావేశంలో పద్ధతి గురించి ఉపన్యసించే బదులు, వారి పిల్లవాడి నోటుబుక్కు తెరిచి, గీతకు పైనా కిందా ఉన్న రెండు జవాబులను చదివి వినిపించాలి. ఆ పాఠం నుంచి పబ్లిక్ పరీక్షలో అడిగే తరహా ప్రశ్న ఒకటి వారం తిరక్కుండా స్లిప్ టెస్టులో పెట్టి, ఆ పేపర్లూ దగ్గర ఉంచుకోవాలి. ఆ పేపర్లలో ఫలితం కనిపించకపోతే తప్పు దృశ్యంలోనో, మీ ప్రశ్నలోనో ఉంటుంది. ఆ దృశ్యాన్ని మరుసటి ఏడు వాడవద్దు.

ఎనిమిదో దశ: పిల్లలే రాయడం

ఏడాదిలో ఒకసారి, మూడో త్రైమాసికంలో, పిల్లల చేత ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాయించాలి. స్థలం విజయవాడ లేదా గుంటూరు, కాలం 2100. నియమం ఒక్కటే: కథలో అసాధ్యమైన సంగతి ఒకటే ఉండాలి, మిగిలినదంతా వారు చదివిన పాఠాలకు లోబడి నడవాలి. నీళ్ళు లేని ప్రకాశం బ్యారేజీ కావచ్చు, మిరప మొలకెత్తనంత వేడెక్కిన పల్నాడు కావచ్చు, దుర్గ గుడి మెట్లెక్కడానికి సాయపడే రోబో కావచ్చు. నియమం లేకుండా రాయిస్తే ప్రతి కథా గ్రహాంతరవాసుల యుద్ధంతో ముగుస్తుంది. రెండు పుటలు మించనివ్వకండి.

పది మార్కుల్లో నాలుగు శాస్త్రీయమైన పొందికకు, మూడు ఊరి వివరాలకు, మూడు భాషకు కేటాయించవచ్చు. అయితే మొదటి ప్రతికి మార్కులు వేయకూడదు. పక్క బెంచీ విద్యార్థి ఎర్ర పెన్సిల్‌తో చదువుతూ, రెండో అసాధ్యం ఎక్కడ దూరిందో అక్కడ గీత పెట్టి, ఏ పాఠం ప్రకారం అది కుదరదో అంచున రాయాలి. రచయిత దానికి జవాబు చెప్పాలి, లేదా కథ మార్చాలి. మార్కులు రెండో ప్రతికే; గీతలున్న మొదటి ప్రతిని దానికి జతచేసి ఇచ్చినవారికే.